వెనక చూశాను

అక్టోబరు 6, సోమవారం

ఇంట్లో కూర్చోమన్నారు. విచారణ తేలేదాకా గోడౌన్ వైపు రావద్దని మేనేజరు ఫోన్‌లో చెప్పాడు, అదేదో పెళ్ళికి రావద్దన్నంత మర్యాదగా. సరే, కూర్చున్నాను. ఎంతసేపని కూర్చుంటాను? పొద్దున్నుంచి ఫ్యాను రెక్కలు తుడిచాను, తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను, అత్తగారి మందుల డబ్బా సర్ది ఆవిడ చేత తిట్లు తిన్నాను. కాలుగాలిన పిల్లైనా ఎక్కడో ఒక చోట కాసేపు ఆగుతుంది. నా వల్ల కావడం లేదు. అందుకే ఈ పాత డైరీ తీశాను.

గురువారం గురించి రాయను. ఒకసారి రాసిచ్చాను, కాపీ బీరువాలో ఉంది. "టైల్స్ పెట్టెలు పేర్చిన చెక్క ప్యాలెట్ ఎత్తుకుని ఏడో వరసలోంచి ఫోర్క్‌లిఫ్ట్‌ను వెనక్కి నడిపాను. ముందు సరుకు అడ్డం కాబట్టి వెనక్కే నడపాలి. కదిలే ముందు వెనక చూశాను. ఎవరూ లేరు. బండి వెనక్కి వెళ్ళేటప్పుడు మోగాల్సిన హారన్ మోగలేదు." ఇంతే. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు.

ప్యాడు బాబాయ్‌కి మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. రాడ్ వేశారట. ఇరవై ఏళ్ళుగా ప్యాడు పట్టుకుని మా గోడౌన్‌లో పెట్టెలు లెక్కపెట్టే మనిషి, ఏనాడూ ఒక్క బండికి అడ్డం రాలేదు. ఆ రోజే ఎందుకొచ్చాడో.

మధ్యాహ్నం కంప్యూటర్లో రెండో ప్రపంచ యుద్ధం విమానాల ఆట పెట్టుకుని ఎగిరాను. ఎగిరితే గానీ ఊపిరాడలేదు.

అక్టోబరు 7, మంగళవారం

రెండుసార్లు ఎగిరాను. హెడ్‌ఫోన్స్‌కి తగిలించే క్లిప్పు వదులైతే దారంతో బిగించి కట్టాను. అది లేకపోతే నేను గుడ్డిదాన్నే. తెర పైనున్న కెమెరా ఆ క్లిప్పునే కనిపెట్టి ఉంటుంది. నేను తల రెండు వేళ్ళంత పక్కకి తిప్పితే చాలు, తెర మీద కాక్‌పిట్ గిర్రున తిరిగి నా విమానం తోక దాకా కనపడుతుంది. కళ్ళు మాత్రం తెర మీద నుంచి కదలకూడదు. మొదట్లో తల తిరిగిపోయి వాంతి వచ్చినంత పనయ్యేది, అలవాటు కావడానికి నెల పట్టింది. ఇప్పటికి మూడేళ్ళు. ఇప్పుడు నేను ఆలోచించనే ఆలోచించను, మెడే చూసుకుంటుంది.

అత్తగారు గుమ్మంలో నిలబడి, "ఆ యుద్ధం ఎనభై ఏళ్ళ కిందటే అయిపోయిందటగా, నీకెవరూ చెప్పలేదా?" అంది. నవ్వొచ్చింది. గురువారం తర్వాత ఇదే మొదటిసారి.

అక్టోబరు 9, గురువారం

వారమైంది.

సాయంత్రం ఐదింటికి ఆన్‌లైన్‌లో మా దళం ఎగిరింది. నలుగురం. ఒకరి ముఖం ఒకరం చూడలేదు, గొంతులే పరిచయం. నియమాలన్నీ మాస్టారివి. ఆయన లెక్కలు చెప్పి రిటైరయ్యారు, అందుకేనేమో ఆటలో కూడా మార్కులు వేస్తారు. శత్రువు విమానం మీద పేరు కనపడకూడదు, మచ్చలా కనపడిందాన్ని మనమే పోల్చుకోవాలి. బయటి నుంచి చూసే సౌకర్యం వాడకూడదు. కూలిపోతే ఆ రోజుకి పోయినట్టే, మళ్ళీ లేవకూడదు. అప్పటి మనుషులకి ఏది లేదో అది మనకీ ఉండకూడదంటారు.

నాది స్పిట్‌ఫైర్, ఆ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళు నడిపిన ఫైటర్ విమానం. దాని సంగతి నాకు ఫోర్క్‌లిఫ్ట్ కంటే బాగా తెలుసు. నేల మీద ఉన్నంతసేపు దాని పొడుగు ముక్కు అడ్డం, ముందు ఏమీ కనపడదు. ఎడమకీ కుడికీ మెలికలు తిరుగుతూ పక్కల నుంచి దారి చూసుకోవాలి. అలాగని నింపాదిగా పోతే ఇంజను నీళ్ళు మరిగిపోతాయి. లేచాక చక్రాలెత్తే మీట కుడివైపు ఉంటుంది, స్టిక్కుని ఎడమ చేతికి మార్చుకుని కుడి చేత్తో ఎత్తాలి. మాస్టారు ఊరుకోరని ఆ మీటని నేను నిజంగానే బల్లకి కుడివైపు బిగించుకున్నాను. కొత్తలో చెయ్యి మార్చేటప్పుడు విమానం తాగినవాడిలా తూలేది. ఇప్పుడు తూలదు. గోడౌన్‌లో గంటకి పది కిలోమీటర్లు దాటితే కేకలేస్తారు. ఇక్కడ మబ్బుల పైన ఐదు వందలు. మూడేళ్ళుగా నేను రోజంతా పది మీద బతికేది సాయంత్రం ఐదు వందల కోసమే.

మాస్టారు రెండు నిమిషాలకోసారి, "వెనక?" అంటారు. నలుగురం వరసగా, "చూశాను" అనాలి. అన్నాను. అన్న మూడో క్షణంలో నా రెక్క ఎగిరిపోయింది. ఇంజనులోంచి మంటలు. వాడెక్కడి నుంచి వచ్చాడో కూడా తెలియలేదు.

దిగాక మాస్టారు రికార్డింగు వెనక్కి తిప్పి చూశారు. "అమ్మాయ్, నువ్వు చూశాను అన్నప్పుడు వాడు నీ తోక వెనకే ఉన్నాడు. నీ నోరు చూసింది గానీ కళ్ళు చూడలేదు" అన్నారు. తర్వాత ఆయన అలవాటు ప్రకారం పాఠం మొదలెట్టారు. అప్పటి పైలట్లు మెడకి పట్టు గుడ్డ చుట్టుకునేది సోకు కోసం కాదట. క్షణక్షణం తల పూర్తిగా వెనక్కి తిప్పి చూసీ చూసీ కాలరు ఒరుసుకుని మెడ చర్మం లేచిపోయేదట. ఆ మంట భరించలేక చుట్టుకునేవాళ్ళట.

నేను నా మెడ తడుముకున్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు. ఎందుకు తడుముకున్నానో.

అక్టోబరు 10, శుక్రవారం

హారన్ మోగి ఉంటే బాబాయ్ పక్కకి తప్పుకునేవాడు. అసలు సంగతి అదే.

అక్టోబరు 13, సోమవారం

మెకానిక్ వచ్చాడు. గోడౌన్‌లో అందరూ స్పానర్ అని పిలిచేది వీణ్ణే. నా లాకర్‌లో ఉండిపోయిన టిఫిన్ డబ్బా, చేతి తొడుగులు తెచ్చాడు. డబ్బా కడిగి తెచ్చాడు. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది.

వాడి మీద నోటీసు ఇచ్చారట. హారన్ పాడైన సంగతి తెలిసి కూడా బండిని ఆపలేదని. విచారణలో అదే తేలితే ఉద్యోగం పోయినట్టే, ఇంకో గోడౌన్‌లో కూడా బళ్ళ మీద చెయ్యి వెయ్యనివ్వరు. వాడి భార్యకి ఏడో నెల. అదేమీ వాడు చెప్పలేదు, నాకు ముందే తెలుసు.

కుర్చీ అంచున కూర్చుని టీ గ్లాసు తిప్పుతూ ఉన్నాడు. అత్తగారు లోపలికి వెళ్ళేదాకా ఆగి అడిగాడు.

"అక్కా, నువ్వు వెనక చూశావు కదా?"

"చూశాను."

"అయితే సరేలే."

టీ సగం వదిలేసి లేచాడు. చెప్పులేసుకుంటూ, బాబాయ్‌ని చూడ్డానికి వెళ్ళావా అని అడిగాడు. వెళ్ళలేదన్నాను. తను రెండుసార్లు వెళ్ళాడట.

ఆ రోజు పొద్దున వాడికీ నాకూ మధ్య ఏం మాట జరిగిందో వాడు ఎత్తలేదు. ఎత్తొచ్చు. అత్తగారు లోపలే ఉంది, ఎవరూ వినరు. అయినా ఎత్తలేదు.

అక్టోబరు 14, మంగళవారం

నాలుగుసార్లు ఎగిరాను. నాలుగుసార్లూ కూల్చారు.

వెనక చూశాను. ఆ గురువారం కూడా చూశాననే గుర్తు. తల తిప్పిన గుర్తు స్పష్టంగా ఉంది. ఖాళీ దారి కూడా గుర్తుంది. బూడిద రంగు నేల, పసుపు గీత. గీత మీద ఎవరూ లేరు.

అక్టోబరు 16, గురువారం

దీన్ని ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఇంట్లో ఉండలేక మధ్యాహ్నం మా ఆయనకి భోజనం నేనే పట్టుకెళ్ళాను. ఆయన సెలూన్‌కి నేను ఏడాదికి రెండుసార్లు వెళ్తే ఎక్కువ. షాపులో ఎవరూ లేరు. తిన్నాక, "ఆ చివర్లు చీలిపోయాయి, కూర్చో కత్తిరిస్తా" అన్నాడు. కూర్చున్నాను. గుడ్డ కప్పాడు. ఎదురుగా పెద్ద అద్దం. ఆ కుర్చీలో కూర్చుంటే అద్దం నిండా నేనే, వెనక మూల బెంచీ అద్దానికి అందదు.

కత్తిరిస్తూ కత్తిరిస్తూ, "ఆ బెంచీ మీద గొడుగు ఎవరిదో పొద్దున్నుంచీ ఉంది, నీకేమైనా తెలుసేమో చూడు" అన్నాడు.

చూశాను. "గొడుగేం లేదే" అన్నాను.

"చూడకుండానే లేదంటావేంటి?"

"చూశానయ్యా బాబూ."

ఆయన కత్తెర పక్కన పెట్టాడు. బార్బర్లు పట్టుకున్నట్టే నా తలని రెండు అరచేతుల్తో పట్టుకుని అద్దానికి సూటిగా నిలబెట్టాడు. "ఇప్పుడు మళ్ళీ చూడు. వెనక్కి" అన్నాడు. తిప్పాను. "ఆగు, అలాగే ఉండు. ఇప్పుడు అద్దంలో చూడు." చూడక్కర్లేదు. నేను అద్దంలోనే చూస్తున్నాను. నా గడ్డం రెండు వేళ్ళంత పక్కకి జరిగింది. కళ్ళు అద్దంలో నా కళ్ళనే చూస్తున్నాయి. నేను మాత్రం వెనక చూస్తున్నాననే అనుకుంటున్నాను.

ఆయన నవ్వుతున్నాడు. "ఏడాది పైనుంచి చూస్తున్నా, వెనక నుంచి పిలిస్తే ఇలాగే చేస్తావు. మెడ ఇంత కదిలిస్తావు, విననట్టు మళ్ళీ ముందుకు చూస్తావు. నా మీద కోపమేమో అనుకున్నా కొన్నాళ్ళు. తర్వాత మెడ పట్టేసిందేమో అనుకున్నా" అన్నాడు. ఆయన చేతిలో రోజుకి పాతిక తలలు తిరుగుతాయి. ఎవరి మెడ ఎంత తిరుగుతుందో ఆయనకి తెలిసినంత డాక్టరుకి కూడా తెలియదు.

గుడ్డ కప్పుకునే లేచి నిలబడి వెనక్కి తిరిగాను. బెంచీ మీద గొడుగు ఉంది. నల్లది. పిడి విరిగింది.

అక్టోబరు 17, శుక్రవారం

ఏమీ లేదు.

అక్టోబరు 18, శనివారం

కుర్చీ వేరు, బండి వేరు. బండి మీద పద్నాలుగేళ్ళ అలవాటు ఉంది. అక్కడ ఒళ్ళే తిరుగుతుంది, నడుం దగ్గర నుంచి. శిక్షణలో అలాగే నేర్పారు, కుడి చెయ్యి సీటు వెనక వేసి ఒళ్ళంతా తిప్పి చూడాలి.

ఆ రోజు కుడి చెయ్యి ఎక్కడుంది?

స్టీరింగు మీద. రెండు చేతులూ స్టీరింగు మీదే ఉన్నాయి. బ్రేకు వేశాక చూసుకున్నాను, వేళ్ళు తెల్లగా బిగుసుకుపోయి రెండు చేతులూ అక్కడే ఉన్నాయి.

పొద్దున్నుంచి పరీక్ష చేసుకుంటున్నాను. అత్తగారిని వెనక నుంచి పిలవమని చెప్పాను. ఈ వయసులో నాతో దాగుడుమూతలేంటే అంటూనే పిలిచింది. ఏడుసార్లు పిలిస్తే ఐదుసార్లు మెడ రెండు వేళ్ళ దగ్గరే ఆగిపోయింది. పిలుస్తుందని తెలిసి కూడా. ఆగిన ప్రతిసారీ వెనక గది కనపడినట్టే ఉంది, తలుపు, తలుపు మీది తువ్వాలు. ఆరోసారి చూస్తే తువ్వాలు లేదు. అత్తగారు ఎప్పుడో తీసి మడిచింది. నేను చూసింది పొద్దుటి తువ్వాలు.

ఏడో వరస, బూడిద రంగు నేల, పసుపు గీత, గీత మీద ఎవరూ లేరు. అది ఏ రోజు చూసిన గీత?

అక్టోబరు 20, సోమవారం

దళం ఎగరక ముందు మాస్టారిని పట్టుకున్నాను. ఊరికే అడుగుతున్నట్టు అడిగాను. ఈ క్లిప్పు పెట్టుకునేవాళ్ళకి బయట కూడా మెడ ఇలాగే అయిపోతుందా అని.

ఆయన పెద్దగా నవ్వారు. "అవుతుందా ఏంటమ్మాయ్, అయ్యే కూర్చుంది! నేను రోడ్డు దాటేటప్పుడు మా ఆవిడ చెయ్యి పట్టుకుంటుంది. ఒకసారి స్కూటరు వాడు కొద్దిలో తప్పాడు. చూశాననే అడుగేశాను. ఇది మన జాతి జబ్బు. అందుకే నేను బండి నడపడం మానేశాను." అని, "ఎందుకడిగావు?" అన్నారు.

ఆయనకి నేనేం పని చేస్తానో తెలియదు. ఎప్పుడూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

"ఊరికే" అన్నాను. ఇవాళ ఎగరలేదు. కరెంటు పోయిందని చెప్పి హెడ్‌ఫోన్స్ తీసేశాను. కరెంటు ఉంది.

అక్టోబరు 22, బుధవారం

శుక్రవారం పదకొండింటికి విచారణ. కాగితాలు వచ్చాయి. అందరి వాంగ్మూలాలూ జత చేశారు. బాబాయ్‌ది మూడు లైన్లు.

"నేను పసుపు గీత మీద నిలబడి పెట్టెలు లెక్కపెడుతున్నాను. ఆ అమ్మాయి నా వైపు తల తిప్పింది. నన్ను చూసిందనుకున్నాను, అందుకే కదల్లేదు."

కింద కళ్ళద్దాలాయన, అంటే పెద్దాఫీసు నుంచి వచ్చిన విచారణ అధికారి, తన రాతతో ఇలా రాశాడు. డ్రైవరు వెనక చూసిన మాట ఇద్దరూ ఒప్పుకుంటున్నారు. అప్పుడు దారి ఖాళీగా ఉంది కాబట్టి గాయపడిన వ్యక్తి ఆ తర్వాతే దారిలోకి నడిచి ఉండాలి. నొప్పి వల్లో వయసు వల్లో ఆయనకి ఆ సంగతి గుర్తు లేకపోవచ్చు. హారన్ మోగి ఉంటే నడిచేవాడు కాదు. కాబట్టి బాధ్యత మెకానిక్‌ది.

లెక్క ఎంత చక్కగా సరిపోయింది! మాస్టారైతే పూర్తి మార్కులు వేసేవారు. నన్ను కాపాడింది ఎవరంటే నేను కాలు విరగ్గొట్టిన మనిషి.

ఇక ఆ పొద్దుటి మాట రాయాలి. రాస్తాను.

ఎనిమిదింటికి స్పానర్ నా బండి దగ్గరికి వచ్చి, "అక్కా, వెనక హారన్ పోయింది. కొత్తది రేపొస్తుంది. ఇవాళ్టికి దీన్ని ఆపేస్తా" అని ఎర్ర చీటీ తీశాడు. అది కట్టిన బండిని ఎవరూ ముట్టుకోకూడదు. నేను వాడి చెయ్యి పట్టుకున్నాను. లారీ బయట నిలబడి ఉంది, మిగతా బళ్ళన్నీ పనిలో ఉన్నాయి. అది ఒకటి. రెండోది నా నోరు. "ఆకాశంలో తోక వెనక మచ్చ కనపడితే పట్టేసేదాన్ని, ఈ సందుల్లో నాకు హారన్ కావాలా? ఒక్క పూటేగా, జేబులో పెట్టుకో" అన్నాను. వాడు నవ్వి చీటీ జేబులో పెట్టుకున్నాడు. వాడు చేసిన తప్పు నా మాట వినడం.

ఆడలేక మద్దెల ఓడు అంటారు. నేను ఆ మద్దెల ఓడని పొద్దున్నే తెలిసి వాయించాను.

రేపు మా ఆయనకి చెప్పాలి.

అక్టోబరు 23, గురువారం

చెప్పాను. గొడుగు సంగతి అప్పుడర్థమైంది ఆయనకి. చాలాసేపు దువ్వెనలు కడుగుతూ ఉండిపోయాడు. ఏం చేయమంటావని అడిగితే, "నా చేతిలో తల పెట్టి కూర్చున్నవాళ్ళకి నేను సలహాలివ్వను, మాటలు చెప్తానంతే. రేపు నువ్వు వెళ్ళి ఆ విచారణలో కూర్చో, నీకే తెలుస్తుంది" అన్నాడు. ఒళ్ళు మండింది. ఆ తర్వాత మళ్ళీ వచ్చి, "బండి లేకపోతే ఏం, ఇల్లు గడవదా?" అన్నాడు.

ఇల్లు గడుస్తుంది. నేనెలా గడుస్తానో తెలియదు. ఆ గోడౌన్‌లో ఆడవాళ్ళలో ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కింది నేనొక్కదాన్నే. ఎక్కడానికి నాలుగేళ్ళు పట్టింది.

అక్టోబరు 24, శుక్రవారం

అయిపోయింది. 

చిన్న గది, పొడుగు బల్ల. కళ్ళద్దాలాయన, మేనేజరు, నేను, గోడకి ఆనుకుని స్పానర్. వాడు కొత్త చొక్కా వేసుకొచ్చాడు. ఉద్యోగం పోయే రోజున కొత్త చొక్కా ఎందుకురా అనుకున్నాను.

కళ్ళద్దాలాయనకి తొందర. నా కాగితం చదివి, "కదిలే ముందు వెనక చూశారు. అవును కదా?" అన్నాడు. అవును అనడమే తరువాయి, టిక్కు పెట్టుకోవడానికి పెన్ను కాగితం మీదే ఉంది.

వారం రోజులుగా దొంగకి తేలు కుట్టినట్టు నోరు మూసుకుని ఉన్నాను.   మేనేజరు మంచినీళ్ళ గ్లాసు ఇటు జరిపాడు.

"చూపిస్తానండి" అన్నాను. "మీరొకసారి నా వెనక నిలబడండి. కొన్ని వేళ్ళు చూపించండి. ఎన్నో చెప్తాను."

ఆయనకి విసుగొచ్చింది, అయినా లేచాడు. నా కుర్చీ వెనక నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. నేను గోడకేసి కూర్చుని, రెండు చేతులూ స్టీరింగు మీద ఉన్నట్టు బల్ల మీద పెట్టి, ఆ రోజు తిప్పినట్టే తల తిప్పాను. ఎక్కువా తిప్పలేదు, తక్కువా తిప్పలేదు. మళ్ళీ ముందుకి తిరిగాను.

"చూశాను" అన్నాను.

"ఎన్ని?"

"తెలీదండి."

 "ఆ రోజు కూడా ఇంతే తిప్పాను. చూశాననుకున్నాను. బాబాయ్ గీత మీదే ఉన్నాడు, ఆయన చెప్పింది నిజం. ఇంట్లో నేను ఆడే విమానాల ఆటలో ఇంత తిప్పితే చాలు, అంతా కనపడుతుంది. అదే మెడకి పట్టేసింది. ఎర్ర చీటీ కట్టనివ్వంది కూడా నేనే" అన్నాను. ఒక్క గుక్కలో అన్నాను, ఆగితే మళ్ళీ రాదని.

మేనేజరు, ఆవిడ కంగారులో ఉందండి అన్నాడు. కళ్ళద్దాలాయన ఆయన వైపు చూడలేదు. వెనక్కి వచ్చి కూర్చుని, అద్దాలు తీసి, తన తలని తానే కొద్దిగా పక్కకి తిప్పి చూసుకున్నాడు. "నేను చూపించింది మూడు" అన్నాడు. తర్వాత పాత కాగితం పక్కన పడేసి కొత్తది తీశాడు.

అక్టోబరు 27, సోమవారం

నన్ను బండి మీద నుంచి తీసేశారు. మళ్ళీ ఎప్పుడూ ఎక్కకూడదు. రెండు నెలలు ఇంట్లో, ఆ తర్వాత ప్యాకింగు బల్ల దగ్గర పని. స్పానర్‌కి హెచ్చరిక రాసిచ్చారు, ఉద్యోగం ఉంది. వాడు ఫోన్ చేసి, "చీటీ మాట కూడా చెప్పేశావేంటక్కా, నాకూ ఒక మొట్టికాయ పడింది" అన్నాడు. అని, ఫోన్ పెట్టెయ్యకుండా అలాగే ఉన్నాడు. నేనూ అలాగే ఉన్నాను.

క్లిప్పు విప్పి సొరుగులో పెట్టాను. పారెయ్యలేదు. పారేశానని రాయాలనిపించింది గానీ ఈ డైరీలో ఇప్పటికే చాలా అబద్ధాలున్నాయి.

అక్టోబరు 29, బుధవారం

బాబాయ్ ఇంటికి వెళ్ళాను. ఇరవై ఏడు రోజుల తర్వాత.

గుమ్మంలో ఆయన కోడలు నన్ను చూసి మొహం చిట్లించి లోపలికి వెళ్ళిపోయింది. ఆయన కిటికీ దగ్గర కుర్చీలో ఉన్నాడు, కాలు స్టూలు మీద. ఒళ్ళో ప్యాడు. ఏం లెక్కపెడుతున్నాడో, కాగితం మీద గీతలున్నాయి. నేను నిలబడే చెప్పాను, కూర్చోమనలేదు కాబట్టి. నేను చూడలేదు బాబాయ్, మీరు గీత మీదే ఉన్నారు, కదల్లేదు, తప్పు నాది అని చెప్పాను.

ఆయన ప్యాడు మూసి, తెరిచి, మళ్ళీ మూశాడు.

"ఇన్నాళ్ళూ నా మతే పోయిందనుకున్నాను" అన్నాడు. "ఆ ఆఫీసరు అలాగే అన్నాడు. మావాడూ అదే అన్నాడు, వయసు మీద పడింది నాన్నా, నడిచే ఉంటావు, గుర్తు లేదంతే అని. రోజూ పడుకుని అదే అడుగులు గుర్తు తెచ్చుకుంటున్నాను. నడిచానా, నడవలేదా? నిన్నటికి నడిచే ఉంటాననుకున్నాను."

ప్యాడు మీద గీతలు ఏమిటో అప్పుడర్థమైంది. ఏడో వరస. ఒక గీత, ఒక బండి, ఒక చుక్క. మళ్ళీ ఒక గీత, ఒక బండి, ఒక చుక్క. పేజీ నిండా అదే.

నాకు ఏడుపొచ్చింది. ఆయన ముందు ఏడ్చే హక్కు నాకు లేదని ఆపుకున్నాను.

"మొదటి రోజే చెప్పొచ్చు కదే పిల్లా" అన్నాడు.

 అప్పుడు నాకూ తెలియదని చెప్పొచ్చు, సగం నిజమే. ఆ సగం చెప్పబుద్ధి కాలేదు.

ఆయన కోడల్ని పిలిచాడు. గట్టిగానే పిలిచాడు. ఆవిడ వచ్చాక, "విన్నావుగా. నేను నడవలేదు. వాడు రాగానే చెప్పు" అన్నాడు. ఆవిడ తలూపింది. నన్ను మాత్రం చూడలేదు, నేనేమీ అనుకోలేదు.

ఇక వెళ్ళు అన్నట్టు చెయ్యి ఊపాడు. క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. గుమ్మం దాకా వెళ్ళాక, వెనక నుంచి, "పిల్లా" అన్నాడు.

తిరిగాను. తల, భుజాలు, నడుం, పాదాలు కూడా. నాలుగు రోజులుగా గోడ దగ్గర నిలబడి చేస్తున్నాను ఆ పని, మెడ నరం జివ్వుమంది. ఆయన కుర్చీలో కొద్దిగా ముందుకి వంగి నన్నే చూస్తున్నాడు. కిటికీ వెలుతురులో గడ్డం తెల్లగా మాసి ఉంది, చొక్కా పై గుండీ లేదు, చేతిలో పెన్సిలు మొద్దుబారి ఉంది. అన్నీ కనపడ్డాయి.

"ఆఁ. అలా" అన్నాడు.

తలుపు దగ్గరగా వేసి వచ్చాను.